మిద్దెకు చూరు ఉండదు

గోడ కట్టే మనిషిని కోస్తాలో తాపీ మేస్త్రి అంటారు. తెలంగాణలో చాలాచోట్ల సుతారి. మా అనంతపురంలో బేల్దారి. మనిషి ఒకడే, పనీ ఒకటే. కానీ ఒక్కో ప్రాంతం అతని చేతిలో ఒక్కో వస్తువుని చూసి పేరు పెట్టింది. తాపీ అంటే మాలు తీసి ఇటుకల మధ్య సర్దే పనిముట్టు. బేల్ అంటే పార్సీలో పార, బేల్దార్ అంటే పార పట్టినవాడు. సుతారి వెనక సూత్రం ఉందంటారు, అంటే గోడ వంకర పోకుండా లాగి కట్టే దారం. అదే మనిషి అనంతపురంలో రైలెక్కి బెంగళూరులో దిగితే అతని పని 'గారె కెలస' అయిపోతుంది. కన్నడం వాళ్ళు పనిముట్లన్నీ వదిలేసి, పూసే గారనే పేరు చేసుకున్నారు. ఆ గార మన తెలుగులోనూ ఉంది. ఇక అందరూ వెనక తగిలించుకునే 'మేస్త్రి' పోర్చుగీసు వాళ్ళు వదిలిపోయిన మాట.

మాటల పుట్టుకల గురించి ఇలా ముచ్చట్లు చెప్పుకుంటూ పోతే పొద్దు గడిచిపోతుంది. నాకు కావలసింది వేరే. ఇల్లు కట్టే మాటలు మన కథల్లో, కవితల్లో ఎక్కడిదాకా వచ్చి ఆగిపోయాయి? ఎందుకు ఆగిపోయాయి? కోడ్ రాసుకుని బతికేవాడికి ఈ గొడవెందుకంటారేమో. నేను అద్దెకుంటున్న బెంగళూరు అపార్ట్‌మెంట్‌ని కట్టినవాళ్ళలో మా జిల్లావాళ్ళు ఎంతమందో నాకు తెలుసు. నేను చదివే తెలుగు కథల్లో వాళ్ళు ఎంతమంది కనిపిస్తారో కూడా తెలుసు. ఆ రెండు అంకెలకీ పొంతన లేదు.

ముందు ఒక పుస్తకం గురించి చెప్పాలి. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1957లో పుట్టి 1983లో రద్దయింది. ఆ మధ్యలో అది చేయించిన పనుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మాండలిక వృత్తిపదకోశం. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల సంపుటం వచ్చింది. ఊళ్ళకి మనుషుల్ని పంపి, రైతుల నోటి నుంచి మాటలు రాసుకొచ్చి, ఏ మాట ఎక్కడ వినిపిస్తుందో గుర్తు పెట్టిన పని అది. తెలుగుకి నాలుగు మాండలికాలని ఈరోజు మనం అలవోకగా అనేస్తున్నామంటే, దాని కింద పునాదిగా ఉన్నది నాగలికీ కాడికీ జనం పెట్టుకున్న పేర్లే. ఆ వరసలోనే 1968లో బూదరాజు రాధాకృష్ణ ఇల్లు కట్టే పని మాటల్ని వాస్తు పదకోశంగా తెచ్చారు. (పాత పుస్తకాల షాపులో ఈ పేరు చెప్పి అడిగేటప్పుడు జాగ్రత్త. ఈశాన్యం పెరిగితే ఏమవుతుందో చెప్పే పుస్తకాలు చేతిలో పెడతారు. వాస్తు అంటే ఇల్లు అన్న మామూలు అర్థం షాపువాడి దగ్గర కూడా మిగల్లేదు.)

తర్వాతి రోజుల్లో ఇదే బూదరాజు పత్రికలవాళ్ళకి జిల్లాలన్నిటికీ అర్థమయ్యే తెలుగు రాయడం నేర్పారు. ఊరూరి మాటనీ విడివిడిగా పోగుచేసిన చెయ్యే ఉమ్మడి మాటల బడిని నడిపింది. ఇందులో వైరుధ్యం ఉందని నేననుకోను. ఎన్ని వేరువేరు మాటలున్నాయో లెక్క తెలిసినవాడు వాటిలోంచి ఒకదాన్ని ఎంచితే దానికో విలువ ఉంటుంది. తర్వాత మనం ఆ లెక్క మర్చిపోయి ఎంపిక ఒక్కటే మిగుల్చుకున్నాం.

పదకోశానికి నాకున్న ఫిర్యాదు సంపాదకుల మీద కాదు, దాని రూపం మీదే. ఏ నిఘంటువైనా అక్షర క్రమంలో నడుస్తుంది. అక్కడ దూలం ద-లో, పునాది ప-లో ఉంటాయి, కాబట్టి పునాదికంటే ముందే దూలం లేచి నిలబడుతుంది. ఇల్లు అలా కట్టరు. ఏది దేనిమీద ఆనుతుందో ఆ వరసలో కడతారు. మా పనిలో కూడా ఒక ప్యాకేజీ దేనిమీద ఆధారపడి ఉందో చూడకుండా బిల్డ్ మొదలుపెడితే సగంలో కూలుతుంది, ఆ 'బిల్డ్' అన్న మాటని మేం ఎవరి దగ్గర్నుంచి తెచ్చుకున్నామో ఎప్పుడూ ఆలోచించం. అందుకని మా పాత మిద్దెని నాకు గుర్తున్నంతవరకు కట్టిన వరసలో చెప్తాను.

మొదట అంకణం. రెండు స్తంభాల వరసల మధ్య, రెండు దూలాల మధ్య ఉండే జాగా. మా వైపు ఇల్లెంతంటే గదులెన్నని చెప్పరు, మూడంకణాల మిద్దె, అయిదంకణాల మిద్దె అంటారు. అంటే మనిషి ఎంత ఉన్నవాడో అతనికి దొరికిన దూలాల పొడవు చెప్తుంది. తర్వాత ఆ మాట భూమి కొలతగా మారి నెల్లూరులో 72 చదరపు అడుగుల దగ్గర, తిరుపతిలో 36 దగ్గర స్థిరపడింది. ఒక లెక్క ఇంకోదానికి సరిగ్గా రెట్టింపు, రియల్ ఎస్టేటు వాళ్ళ పాట్లు వాళ్ళు పడుతుంటారు.

గోడల మీద దూలాలు. దూలాలకి అడ్డంగా దంతెలు. దంతెల మీద సన్న కట్టెలో, బండలో, ఎవరి శక్తికొద్దీ వాళ్ళు. ఆపైన ఆకూ అలమూ, మెత్తిన మట్టి. అన్నిటికన్నా పైన చౌడు. ఈ చౌడు దగ్గర కొంచెం ఆగాలి. పొలంలో చౌడంటే శాపం, అక్కడ విత్తనం మొలవదు. అదే మట్టిని బండికెత్తుకొచ్చి మిద్దె మీద పరిస్తే అది రక్ష. ఎందుకంటే చౌడులో సోడియం ఎక్కువ. తడి తగలగానే బంకమట్టి రేణువులు విడిపోయి సందుల్ని పూడ్చేస్తాయి, నీళ్ళు కిందికి దిగవు. పొలంలో పైరుని చంపే గుణమే ఇంటిమీద మనిషిని కాపాడుతుంది. ఏటా వానలకి ముందు కొత్త చౌడు పోసి తొక్కేవాళ్ళు. 'చౌడు' అన్న మాటకి నిఘంటువులు ఉప్పునేల అని అర్థమిచ్చి ఊరుకుంటాయి. అది తప్పు కాదు, సగం.

ఏటా 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే నేలకి మాత్రమే ఇలాంటి కప్పు సరిపోతుంది. దానికి రెట్టింపు వాన పడే కోనసీమలో మట్టి మిద్దె వేస్తే ఒక్క తుఫాను చాలు. అక్కడ తాటాకో పెంకో వేసి కప్పుని ఏటవాలుగా దించుతారు, అంచున చూరు ఉంటుంది, వాన చూరు నుంచి ధారలు కడుతుంది. ఆ చూరు తెలుగు కవిత్వంలో ఎంత తడిసిందో మీకు తెలుసు. బాల్యం, అమ్మమ్మ, కాగితం పడవ, చూరు నీళ్ళు. నాకు ఆ కవితలతో పేచీ లేదు. పేచీ ఎక్కడంటే, మా ఊళ్ళల్లో మిద్దెల కింద పెరిగినవాళ్ళు కూడా వాన అనగానే చూరు అని రాయడం దగ్గర. మిద్దెకు చూరు ఉండదు. బోద కొట్టానికి ఉంటుంది, మిద్దెకి ఉండదు. మిద్దె మీద పడ్డ నీళ్ళన్నీ వాలు చూసుకుని దోని దగ్గరికి చేరి, ఒక్కచోట నుంచి బరువుగా దూకుతాయి. దాని కింద బిందె పెట్టుకునేవాళ్ళు. చూరు నుంచి జారే ధారల్ని కిటికీలోంచి చూస్తూ కూర్చోవచ్చు. దోనిలోంచి దూకే నీళ్ళకైతే బయటికి పరుగెత్తాలి, లేకపోతే పక్కింటివాళ్ళ బిందె ముందు నిండుతుంది. ఒకే వానకి రెండు వేర్వేరు కవితలు రావలసి ఉంది, మనకి ఒకటే వస్తోంది.

చదవడంలోనూ ఇదే జరుగుతోంది. 'ఆమె వాకిలి తీసి చూసింది' అని ఒక సీమ కథలో వాక్యం ఉందనుకోండి. కోస్తా పాఠకుడికి వాకిలంటే ఇంటిముందు కల్లాపి చల్లి ముగ్గేసే జాగా. దాన్ని తీయడమేమిటి? మాకు వాకిలంటే తలుపు. 'వాకిలేసుకో' అంటే తలుపు మూసుకో అని. 'వాకిట్లో నిలబడ్డాడు' అంటే ఒకరికి ఆరుబయట నిలబడ్డట్టు, ఇంకొకరికి గడప పట్టుకుని నిలబడ్డట్టు. కథలో పేదవాడు ఆసామి ఇంటికొచ్చి వాకిట్లో నిలబడ్డాడంటే అతను ఎంత దూరం రాగలిగాడన్నది ఈ ఒక్క మాటమీద ఆధారపడి ఉంది. కుల దూరాల్ని కొలిచే కథల్లో ఆ నాలుగడుగుల తేడా చిన్నదేమీ కాదు. పుస్తకం చివర పదసూచిలో 'మిద్దె: డాబా', 'బేల్దారి: తాపీ మేస్త్రి' అని సమానార్థకాలు ఇస్తే ఈ తేడాలన్నీ చదునైపోతాయి. డాబా అనగానే పాఠకుడికి సిమెంటు కనిపిస్తుంది. చౌడు కనిపించదు, ఏటా దాన్ని తొక్కే కాళ్ళూ కనిపించవు. పదసూచి రాసేవాళ్ళు ఒక్క మాటకి ఒక్క మాటే ఇవ్వాలని ఎవరు శాసించారు? రెండు వాక్యాలు రాయొచ్చు కదా.

ఇక్కడిదాకా చదివి ఇదంతా పోయిన మాటల కోసం ఏడుపు అనుకుంటే పొరపాటు. మాటలు ఇంగ్లీషు దెబ్బకే పోయాయని నేను నమ్మను. వస్తువు పోతే మాట పోతుంది. పోయినేడాది మా ఊళ్ళో మా మిద్దె తీసేసి స్లాబు వేయించాం. పని చూసిన బేల్దారి నాకు మామ వరసవుతాడు. పాత కప్పు విప్పుతుంటే, ఆ దంతెలు పక్కన పెట్టించు మామా అన్నాను. పనిలో ఉన్న కుర్రాడు ఆగి, "దంతెలంటే ఏంటివి న్నా?" అన్నాడు. వాడు అప్పుడు వాటినే మోస్తున్నాడు. మామ నవ్వి, "వానికెందుకు తెలుస్తాయి అల్లుడా, వాడు పుట్టినప్పట్నుంచి కమ్మీలే గదా చూసింది" అన్నాడు. ఆ కుర్రాడికి తెలిసిన మాటల్ని ఆ వారంలో నేను నా ఫోన్లో రాసుకున్నాను: కమ్మీ కట్టడం, సెంట్రింగ్ డబ్బా, జాకీ, కవర్ బిళ్ళ, బెడ్డు, మాలు, గుండు, రసమట్టం, లప్పం. వీటిలో ఏది తెలుగు, ఏది కాదు? పునాది పార్సీ నుంచి వచ్చింది. గచ్చూ అక్కడిదే. కిటికీ హిందీ నుంచి వచ్చింది. వాటిని ఇంట్లోకి రానిచ్చి సెంట్రింగ్‌ని మాత్రం బయట నిలబెడతామంటే అది భాషాభిమానం కాదు, పాతబడ్డ అప్పుని ఆస్తిగా చూపించుకోవడం.

పైగా ఈ కొత్త మాటల దగ్గరే తెలుగు బాగా పనిచేస్తోంది. స్లాబు వేశాక కాంక్రీటు తడారిపోకుండా రోజుల తరబడి తడపాలి. 2000 నాటి ఐఎస్ 456 ప్రమాణం ప్రకారం మామూలు సిమెంటుకి కనీసం 7 రోజులు. ఇంజనీరింగ్‌లో మేం దీన్ని క్యూరింగ్ అని చదువుకున్నాం. సైటులో ఎవరూ దాన్ని అనువాదం చేస్తూ కూర్చోలేదు. 'నీళ్ళు పట్టడం' అన్నారు. పసిబిడ్డకి పాలు పట్టినట్టు, జ్వరం మనిషికి గంజి పట్టినట్టు. తనంతట తాను తాగలేనిదానికి పట్టాలి, వేళ తప్పకుండా పట్టాలి అన్నదంతా ఆ క్రియలో ఉంది. క్యూరింగ్‌లో ఇది లేదు. పరిభాషా సంఘంలో కూర్చుని ఎవరైనా దీనికో సంస్కృత సమాసం కట్టి ఉంటే అందులోనూ ఇది ఉండేది కాదు.

మా నేలమీద ఆ మాటకి ఇంకో బరువు కూడా ఉంది. మిద్దె నీటికి భయపడే ఇల్లు. స్లాబు నీళ్ళడిగే ఇల్లు. కరువు జిల్లాలో మనం మొదటి రకం నుంచి రెండో రకానికి మారాం. బోరు ఎండిపోయిన వీధిలో, ట్యాంకరు తెప్పించుకుని, తాగడానికి పక్కన పెట్టుకున్న నీళ్ళని గోడలకి పట్టడం ఎలా ఉంటుందో ఇల్లు కట్టిన ప్రతివాడికీ తెలుసు. ఇటుకని ముందు నానబెట్టకపోతే అది మాలులోని నీళ్ళు లాగేసుకుంటుంది, అతుకు బలం పోతుంది. కాబట్టి ఇటుకకీ నీళ్ళు కావాలి. స్లాబు మీద మట్టితో గట్లు కట్టి మళ్ళు చేసి నీళ్ళు నిలబెడతారు, అచ్చం వరిమడిలా. మా వైపు చాలామంది రైతులు ఈ కాలంలో తమ చేత్తో నీళ్ళు నిలబెట్టిన మడి అదొక్కటేనేమో. ఇంత కథ కళ్ళముందు జరుగుతుంటే మన కథకులు ఎక్కడున్నారు?

అనంతపురం కథ కరువుని రాయలేదని ఎవరూ అనలేరు. సింగమనేని నారాయణ నుంచి బండి నారాయణస్వామి దాకా వేరుశనగ రైతు ఎదురుచూపుని, అప్పుని, ఎండిన చెరువుని పనిముట్ల పేర్లతో సహా రాశారు. నారాయణస్వామి 'శప్తభూమి' అయితే 18వ శతాబ్దపు అనంతపురాన్ని తిరిగి నిలబెట్టింది, 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం తీసుకుంది. నాకెంతో ఇష్టమైన నవల. కానీ నేను చదివినంతలో, సీమ కథలో రైతు వలస పోయేటప్పుడు కథ బస్టాండు దగ్గర ఆగిపోతుంది. 'బెంగళూరుకి బేల్దారి పనికి పోయినాడు' అన్న వాక్యం తరచు చివరి పేరాలో వస్తుంది. అది ఓటమికి గుర్తు. ఆ తర్వాత అతను ఏం చేశాడు, ఏ అంతస్తు మీద ఏం పట్టుకుని నిలబడ్డాడు, దారం ఎలా లాగాడు, మొదటిసారి గుండు పట్టి గోడ నిలువు చూసినప్పుడు అతని చెయ్యి వణికిందా లేదా, మనకి తెలియదు. పొలంలో ఉన్నంతసేపు అతనికి పాతిక పనిముట్లుంటాయి. సైటులో అడుగుపెట్టగానే ఒట్టి 'కూలీ' అయిపోతాడు. వ్యవసాయ పదకోశానికి కథల్లో జత దొరికింది. వాస్తు పదకోశానికి దొరకలేదు.

కారణం రచయితల బద్ధకమని నేననను. మాండలికం అంటే పాతది, స్వచ్ఛమైనది, పల్లెలో పుట్టినది అయి ఉండాలని మన విమర్శే వాళ్ళకి నేర్పింది. దూలం, దంతె, గవాక్షం అని రాస్తే 'నేటివిటీ ఉంది' అంటాం. 'సెంట్రింగ్ విప్పినాక జాకీలు ఎన్ని మిగిల్నాయో లెక్కబెట్టు' అని రాస్తే అది మాండలికంగా మనకి వినపడదు. అందులోని 'విప్పినాక', 'మిగిల్నాయో' మా జిల్లావే అయినా సరే. అసలైతే సెంట్రింగ్ విప్పే రోజుకున్న ఉత్కంఠ దంతెలకి ఎప్పుడూ లేదు. అన్ని రోజులు కర్రలూ జాకీలూ మోసిన కప్పు ఆ క్షణం నుంచి తన బరువు తనే మోయాలి. కింద నిలబడి పైకి చూసేవాళ్ళెవరూ మాట్లాడరు. ఒక కథకి ఇంతకంటే ఏం కావాలి?

వ్యతిరేక దిశలో జరిగిన ప్రయాణం కూడా ఒకటి చెప్పాలి. బడిలో మన జామెట్రీ బాక్సులో కోణమానిని ఉండేది, వృత్తలేఖిని ఉండేది, విభాగిని ఉండేది. అన్నీ బల్ల దగ్గర కూర్చుని తయారుచేసిన మాటలు. వాటి మధ్యే మూలమట్టం కూడా ఉండేది. అది బేల్దారి మాట. మూల సరిగ్గా లంబంగా వచ్చిందా అని గోడ దగ్గర పెట్టి చూసే పనిముట్టు. పెద్ద మూలలకి అది చాలకపోతే దారంతో మూడడుగులు ఒకవైపు, నాలుగు ఇంకోవైపు కొలిచి, ఐచు అయిదొచ్చిందా అని చూస్తారు. నేను పైథాగరస్‌ని రుజువు చేసి మార్కులు తెచ్చుకున్నాను, మామ అదే పైథాగరస్ మీద ఊళ్ళో ఎన్ని ఇళ్ళో నిలబెట్టాడు. 'కుంచె' కూడా అంతే. సాహిత్య పేజీల్లో కుంచె అంటే చిత్రకారుడి చేతిలోదే. గోడకి సున్నం కొట్టేవాడి చేతిలో ఉన్నదీ కుంచే, కానీ అతని కుంచె గురించి ఎవరూ పరిచయ వ్యాసం రాయరు.

1968 తర్వాత ఇల్లు పూర్తిగా మారిపోయింది కాబట్టి వాస్తు పదకోశానికి కొత్త సంపుటం కావాలి. ఎవరైనా పూనుకుంటే వాళ్ళకి నాదొక సలహా. అనంతపురం మాటల కోసం అనంతపురం పోనక్కర్లేదు. సర్జాపూర్ రోడ్డు మీద ఏదో ఒక సైటుకి వారాంతంలో బట్వాడా వేళకి వెళ్ళండి. బట్వాడా అంటే మీకూ నాకూ ఉత్తరాలు పంచడం. అక్కడ దానికి వారం కూలి లెక్కకట్టి చేతికివ్వడమని అర్థం. కళ్యాణదుర్గం, రాయదుర్గం, మడకశిర, కదిరి, అన్ని వైపుల తెలుగూ ఆ వరసలో నిలబడి ఉంటుంది. మధ్యలో కన్నడం, కొంచెం హిందీ. ఎన్ని దినాలు, ఎన్ని పూటలు, అడ్వాన్సు ఎంత తీసుకున్నావు అని మేస్త్రి ఒక్కొక్కరినీ అడుగుతూ చిన్న నోటుబుక్కులో రాసుకుంటుంటాడు. ఆ నోటుబుక్కులో ఏ మాట ఏ లిపిలో రాసి ఉందో కూడా చూడండి.